మార్చిలో మొదలెట్టి నవంబరులో ఆపితే

నిన్న రాత్రి నా సముద్రమట్టం ప్రాజెక్టు గ్రాఫ్ చూసి హడలిపోయాను, ఎనిమిది నెలల్లోనే మన వైజాగ్ దగ్గర సముద్రం పొంగుకొచ్చేసినట్టు గీత నిటారుగా లేచింది, వెనక నుంచి చూసిన అమ్మకి నాకంటే టెన్షన్. తీరా చూస్తే తప్పు నాదే. డేటా మార్చిలో మొదలుపెట్టి నవంబరులో ఆపాను! బంగాళాఖాతం నీటిమట్టం ఏటా మార్చి ప్రాంతంలో తగ్గి, అక్టోబరు, నవంబరుల్లో బాగా లేస్తుంది, అది పోగా మిగిలేదే అసలు పెరుగుదల. 1993 నుంచి శాటిలైట్లు కొలిచిన ప్రపంచ సగటు పెరుగుదల దాదాపు 10 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా కాదు, కానీ ఆ వేగం పెరుగుతోంది.

జేసన్-3 లాంటి శాటిలైట్లు 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగం పంపి, అది నీటికి తగిలి తిరిగొచ్చే సమయంతో మట్టం లెక్కగడతాయి, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఒడ్డుకి దగ్గరయ్యేకొద్దీ మాత్రం నేల నుంచి వచ్చే సిగ్నల్ కలిసిపోయి అంకెలు పాడవుతాయి. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ శాటిలైటు ఈ విషయంలో కాస్త నయం.

పొద్దున్నే పెద జాలారిపేటలో బాబాయ్‌కి ఇదంతా చెప్పాను. హార్బరు గోడలు ఇసకని ఆపేస్తే ఆర్కే బీచ్ కోసుకుపోవడం ఆయన చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అంతా విని, వల దులుపుకుంటూ, "మరి ఇసకెటు పోతందో సెప్పదేటి నీ శాటిలైటు?" అన్నాడు.