పెల్లెట్ గ్రిల్‌కి వైజాగ్ గాలి పడలేదు

ఎంవీపీ కాలనీలో బావ వాళ్ల డాబా మీద ఆదివారమంతా పెల్లెట్ గ్రిల్ పొట్ట విప్పడంతోనే సరిపోయింది. ఈ గ్రిల్‌లో మంటకి వాడే పెల్లెట్లంటే నొక్కి గట్టిపరిచిన రంపపు పొట్టే కదా! సముద్రపు తేమకి ఉబ్బి, పొడై, ఆగర్ (పెల్లెట్లని మంట దగ్గరికి తోసే స్క్రూ) గొట్టంలో సిమెంట్‌లా బిగుసుకుపోయింది. మోటారు మూలుగుతోంది, స్క్రూ కదలదు. "ఇంకోసారి ఆన్ చెయ్యరా, అదే తిరుగుద్ది" అంటాడు బావ. అలా చేస్తే మోటారే కాలిపోద్ది, చెప్తే వినడు.

ప్లగ్ పీకి, తొట్టి ఖాళీ చేసి, మోటారు పిన్ను తీసి, పైప్ రెంచితో స్క్రూని వెనక్కి తిప్పుతూ లాగాం. కదిలినప్పుడు వచ్చిన ఆ కర్రుమన్న చప్పుడు ఉంది చూశారూ... అబ్బ! నీళ్లు పోసి కడుగుదామన్నవాళ్లని ఆపడమే అసలు పని. తడి తగిలితే మళ్లీ అదే కథ. పొడిగా గీకి, వ్యాక్యూమ్ పెట్టాం. మిగిలిన పెల్లెట్లు ఇక మూత బిగిసే డబ్బాలోనే.

వంజరం ముక్కలు మాత్రం అక్క అప్పటికే పెనం మీద వేయించేసింది.