ఫ్యునరల్ ఆల్బమ్: పది పాటల వరుస మీద మన హాస్టల్ పంచాయితీ

కెనడా రాక్ బృందం ఆర్కేడ్ ఫైర్ చేసిన 'ఫ్యునరల్' ఆల్బమ్‌ను అమెరికాలో మెర్జ్ రికార్డ్స్ సంస్థ 2004 సెప్టెంబర్‌లో విడుదల చేసింది. మన హాస్టల్‌కు అది సీడీగా రాలేదు. హాస్టల్ కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ (లాన్)లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఎంపీ3 ఫైళ్లుగా పాకింది. ఈ ఆల్బమ్ మీద మన బ్యాచ్‌ల్లో రెండు వర్గాలు (పాటల వరుస మార్చాలనేవాళ్లు, ఉన్న వరుసే సరైనదనేవాళ్లు) పుట్టడానికి అసలు కారణం అదేనని నా గట్టి నమ్మకం. అప్పటి వాదనలో సగం పాటల గురించి అయితే, మిగతా సగం అవి మన చెవికి చేరిన తీరు గురించి.

అసలు వరుస మరిచిపోయినవాళ్ల కోసం: టనెల్స్, లైకా, 'ఉన్ అనే సాన్ లూమియేర్' (ఫ్రెంచి పేరు, ఇకపై 'ఉన్ అనే'), పవర్ ఔట్, 7 కెటిల్స్, క్రౌన్ ఆఫ్ లవ్, వేక్ అప్, హైతీ, రెబెల్లియన్, ఇన్ ద బ్యాక్‌సీట్. మొత్తం 48 నిమిషాలు. ఒకటి, రెండు, నాలుగు, ఐదు స్థానాల్లో ఉన్న పాటల పేర్లకు ముందు 'నైబర్‌హుడ్' అని, దానికో అంకె ఉంటాయి.

మార్పు కోరే వర్గానికి రెండే డిమాండ్లు. నాలుగు నైబర్‌హుడ్ పాటలూ మధ్యలో ఏ అడ్డూ లేకుండా వరసగా రావాలి. వేక్ అప్ ఆఖరి పాట కావాలి. ఇప్పుడు పాటల పేర్లను ఇంగ్లీషు అక్షరక్రమంలో పెట్టి చూడండి. క్రౌన్, హైతీ, ఇన్ ద బ్యాక్‌సీట్, ఆ తర్వాత ఎన్ అక్షరం కింద నాలుగు నైబర్‌హుడ్‌లూ వరసగా, రెబెల్లియన్, 'ఉన్ అనే', చివరికి వేక్ అప్. రెండు డిమాండ్లూ అచ్చంగా అందులోనే ఉన్నాయి! ట్రాక్ నెంబర్ లేని ఫైళ్లను ఫోల్డర్‌లో వేసి, పాటలు వినిపించే విన్‌యాంప్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే వచ్చే వరుస అదే. నెలల తరబడి అలాగే విన్న చెవికి అదే సహజంగా తోస్తుంది, తర్వాత అసలు వరుస విన్నా ఏదో తప్పినట్టే ఉంటుంది.

ఆ అక్షరక్రమం ఆల్బమ్‌కు చేసే చెరుపు చిన్నది కాదు. మొదటి పాటగా నెమ్మదైన వాల్ట్జ్ (మూడు దెబ్బల తాళం) నడకలో సాగే క్రౌన్ ఆఫ్ లవ్ వస్తుంది. ఈ బృందం నీరసమని ఒక్క పాటతో తేల్చేసినవాళ్లలో చాలామంది అలా మొదలుపెట్టినవాళ్లే అయ్యుంటారు. బృందంలోని గాయని రెజీన్ షసాన్య ప్రధాన గొంతుగా పాడినవి హైతీ, బ్యాక్‌సీట్ రెండే. అసలు వరుసలో ఆ గొంతును ఎనిమిదో పాట దాకా దాచి, పదో పాటలో పూర్తిగా విప్పారు. అక్షరక్రమంలో ఆ రెండూ రెండు, మూడు స్థానాల్లో పక్కపక్కనే వచ్చి ఖర్చయిపోతాయి.

నెంబర్లు వేసుకున్నా గండం తప్పదు. 1, 2, 3 అని వేస్తే చాలా ప్లేయర్లు 1 తర్వాత 10ని పట్టుకుంటాయి, అంటే టనెల్స్ వెనకే బ్యాక్‌సీట్. 01, 02 అని సున్నా కలిపి వేయాలి. చౌక ఎంపీ3 ప్లేయర్లు, కారు స్టీరియోలు కొన్ని పేరునే చూడవు. పెన్‌డ్రైవ్‌లోకి ఏ ఫైల్ ముందు కాపీ అయితే దాన్నే ముందు పాడతాయి. అలాంటి వాటికి డ్రైవ్ ఖాళీ చేసి, పది పాటలనూ ఒక్కొక్కటిగా వరసలో కాపీ చేయాలి.

ఇక మొదటి డిమాండ్ సంగతి. నైబర్‌హుడ్‌ల మధ్య 'ఉన్ అనే' పాట ఎందుకుంది? దాన్ని తీసేసి లైకా మీద నేరుగా పవర్ ఔట్ వేసి వినండి. రెండూ డ్రమ్స్ ముందుండి తోసే పాటలు, రెండూ అరుపులతో నిండినవే. రెండోది వచ్చేసరికి చెవి అలిసిపోయి, పవర్ ఔట్ మొదట్లోనే దాని పదును సగం పోతుంది. 'ఉన్ అనే' మెత్తగా నడిచి చివర్లో ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. పవర్ ఔట్ ఆ పరుగు మీదే వచ్చి పడుతుంది. అది అడ్డు కాదు, మెట్టు. మన సినిమా పాటల క్యాసెట్‌లో పాట ఎక్కడున్నా నష్టం లేదు, దాని సందర్భం తెర మీద దొరుకుతుంది. ఇలాంటి ఆల్బమ్‌కు తెర లేదు కాబట్టి ముందు పాటే తర్వాతి పాటకు సందర్భం.

రెండో డిమాండ్‌కు ఎక్కువ బలం ఉందని ఒప్పుకోవాలి. అందరూ గొంతు కలిపే పాట వేక్ అప్, ఆ బృందం కచేరీలను చాలాసార్లు దానితోనే ముగించింది. అయితే 2005లో యూటూ బృందం వెర్టిగో పర్యటనలో తాము వేదిక ఎక్కే ముందు మోగించుకున్నదీ ఈ పాటే. ముగింపుకు ఎంత పనికొస్తుందో మొదలుకూ అంతే పనికొస్తుందన్నమాట. ఏడో స్థానంలో అది ఆ రెండో పనే చేస్తుంది. పాట చివరి భాగంలో తాళం మారి గంతులేసే నడక వస్తుంది కదా, దాని వెంట హైతీ హాయిగా అతుకుతుంది. పైగా ఆల్బమ్ పేరుకు కారణం రికార్డింగ్ రోజుల్లో బృందం ఇళ్లలో జరిగిన మరణాలు. బృంద సభ్యులైన విన్, విల్ బట్లర్ సోదరుల తాత, అమ్మకు నాన్న, పేరున్న స్టీల్ గిటార్ వాద్యకారుడు ఆల్వినో రే 2004లోనే పోయారు. ఆ ఏడాదే వచ్చిన టనెల్స్ సింగిల్ (ఒక్క పాట కోసం వేసే చిన్న రికార్డు) వెనక వైపు ఆయన పాత రికార్డింగ్ ఒకటి వేశారు కూడా. ఇంత దుఃఖం మోసిన ఆల్బమ్ కోరస్ కేకలతో ఆగకూడదు. బ్యాక్‌సీట్‌తోనే ఆగాలి.

'మధ్యలో జారిపోతుంది' అనే ఫిర్యాదు మూడోది. ఇది తర్వాత సీడీ మీద అసలు వరుసలో విన్నవాళ్లది. 7 కెటిల్స్ నెమ్మది, వెంటనే క్రౌన్ కూడా నెమ్మదే. వరసగా తొమ్మిదిన్నర నిమిషాలు వేగం లేదు. ఎల్‌పీ (రెండు వైపులా పాటలుండే వినైల్ రికార్డు) మీద ఈ ఫిర్యాదు పుట్టదు, ఎందుకంటే మొదటి వైపు 7 కెటిల్స్‌తో అయిపోతుంది. లేచి రికార్డు తిప్పి, సూది మళ్లీ పెట్టేలోపు చెవికి విరామం దొరుకుతుంది. అప్పుడు క్రౌన్ రెండో అంకానికి తొలి పాట అవుతుంది, చివర్లో అది వేగం పుంజుకుని వేక్ అప్‌కు దారిచ్చే తీరు కూడా అప్పుడే తెలుస్తుంది. ఫైళ్లతో వినేవాళ్లు ఐదో పాట తర్వాత ఆపి, ఒక నిమిషం ఆగి, ఆరోది మొదలుపెట్టండి. ఇంతకంటే సులువైన మరమ్మతు ఇంకోటి లేదు.

ఎల్‌పీకీ దాని ఇబ్బంది ఉంది. మొదటి వైపు 22 నిమిషాలైతే రెండో వైపు దాదాపు 26. నిమిషానికి 33⅓ చుట్ల రికార్డుకు అది ఎక్కువే. బయటి అంచున సూది కింద గాడి సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో కదిలితే, లోపలి అంచుకు వచ్చేసరికి అది 20 చిల్లరకు పడిపోతుంది. పై స్థాయి స్వరాలు అక్కడే చిట్లుతాయి, సరిగ్గా అక్కడే రెజీన్ గొంతూ వయొలిన్లూ ఉన్నాయి. సూది అరిగినా, సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్ కోణం కాస్త తప్పినా బ్యాక్‌సీట్‌లో 'స' శబ్దాలు గరగరమంటాయి. ఆ పాట బాగాలేదని తేల్చేముందు సూది చూసుకోవాలి.

వాక్‌మన్ వదలనివాళ్లకు క్యాసెట్ లెక్క వేరు. సీ-90లో ఒక వైపు 45 నిమిషాలే కాబట్టి ఆల్బమ్‌ను ఒకే వైపు ఎక్కిస్తే బ్యాక్‌సీట్‌లో గొంతు, తంత్రులు కలిసి పైకి లేచే రెండో సగం తెగిపోతుంది. సీ-60 తీసుకుని వైపుకు ఐదు పాటలు ఎక్కిస్తే చక్కగా సరిపోతుంది, ఎల్‌పీ విరామమూ దక్కుతుంది.

అన్నిటికంటే నాకు ముఖ్యమైనది ఎనిమిది, తొమ్మిది పాటల మధ్య అతుకు. హైతీ ముగిసినా డ్రమ్ దెబ్బ ఆగదు, దాని మీదే రెబెల్లియన్ బేస్ గిటార్ ఎక్కుతుంది. ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన అంకెల) ముక్కలుగా కోస్తుంది. పాట చివర మిగిలిన ముక్కను నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ కొంత నిశ్శబ్దం చేరుస్తుంది. అందుకే ఆ అతుకు దగ్గర దెబ్బ తడబడుతుంది. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా పాడించేది) ఆన్ చేయాలి, క్రాస్‌ఫేడ్ (ఒక పాటను తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచేది) సున్నా చేయాలి. సీడీ కాల్చేటప్పుడు (రాసేటప్పుడు) నీరో సాఫ్ట్‌వేర్ తనంతట తానే పాటల మధ్య రెండు సెకన్లు పెట్టేది. డిస్క్ మొత్తాన్ని ఆపకుండా ఒకేసారి రాసే డిస్క్-ఎట్-వన్స్ ఎంచుకుని, రెండో ట్రాక్ నుంచి విరామాన్ని సున్నా చేస్తే అతుకు నిలుస్తుంది. మొదటి ట్రాక్ ముందున్న రెండు సెకన్లు సీడీకి తప్పనిసరి, దాన్ని ముట్టుకోకూడదు.

శబ్ద స్థాయిని సరిచేసే రీప్లే గెయిన్‌లో 'ట్రాక్' బదులు 'ఆల్బమ్' ఎంచుకోండి. ట్రాక్ పెడితే 7 కెటిల్స్‌ను పైకి లేపి పవర్ ఔట్‌ను కిందికి నొక్కి రెంటినీ ఒకే ఎత్తుకు తెస్తుంది. అప్పుడు వరుస గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

మనవాళ్లలో ఇష్టమైన పాటను ఓటుతో ఎన్నుకునేట్టయితే, దాని విషయంలో ఒక సూచన. ఒక్కొక్కరు ఒక్క పాట పేరు చెప్పే పద్ధతిలో వేక్ అప్, రెబెల్లియన్ మధ్యే పోటీ ఉంటుంది, మిగతావి లెక్కలోకే రావు. అలా కాకుండా ప్రతి ఒక్కరూ పది పాటలకూ ర్యాంకులు రాయాలి. మొదటిదానికి 10 మార్కులు, చివరిదానికి 1. ఈ పద్ధతిలో టనెల్స్ బాగా పైకి వస్తుందని నా అంచనా, దాన్ని చివర్లో పెట్టేవాళ్లను నేను చూడలేదు. ఓటు వేసేముందు అందరూ అసలు వరుసలో, ఒకే స్పీకర్ల మీద, మధ్యలో ఒక విరామంతో ఒకసారి వినాలి. నా కాగితంలో పవర్ ఔట్ మొదటిది, బ్యాక్‌సీట్ రెండోది, క్రౌన్ ఆఫ్ లవ్ నాలుగోది. ఆ నాలుగో ర్యాంకు మీద మన సీనియర్లకు ఇప్పటికీ అభ్యంతరం ఉంది, వాళ్ల కారణాలు వచ్చే సంచికలో చదవాలని ఉంది.