పంతొమ్మిదేళ్ళ పిల్ల, పోయేవాళ్ళ పక్కన

మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రిలో వాలంటీరుగా చేరిందంటే వీల్‌చైర్లు తోయడమే అనుకున్నాం. తీరా చూస్తే, అయినవాళ్ళెవరూ దగ్గర లేని మాజీ సైనికుల మంచం పక్కన చివరి గంటల్లో కూర్చునే పని. ‘నో వెటరన్ డైస్ అలోన్’ అని దానికి పేరు, ఏ మాజీ సైనికుడూ ఒంటరిగా పోకూడదని. మామూలు ఆసుపత్రుల్లో ఇలాంటిదాన్ని 2001లో ఆరెగాన్ రాష్ట్రంలో శాండ్రా క్లార్క్ అనే నర్సు మొదలుపెట్టింది. కాసేపు కూర్చోమన్న ముసలాయనకి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఆయన పోయాడట.

మా అత్తగారికి టెన్షన్ పట్టుకుంది. “పెళ్ళి కావాల్సిన పిల్లని చావుల దగ్గరికి పంపిస్తావుటమ్మా!” అని నన్నే నిలదీశారు. రాగానే తలస్నానం చెయ్యాలన్నారు. ఆసుపత్రి నుంచి వస్తే అదెలాగూ చేస్తుంది కాబట్టి ఆ గొడవ తేలిగ్గానే తీరింది.

ట్రైనింగ్‌లో నేర్పినవి విని మాత్రం నేనే ఆశ్చర్యపోయాను. యుద్ధం చూసినవాళ్ళని నిద్రలో ఉన్నట్టుండి తట్టి లేపకూడదు, ఉలిక్కిపడి చెయ్యి విసరొచ్చు. కాస్త దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవాలి. దేవుడి మాట వాళ్ళెత్తితే తప్ప మనం ఎత్తకూడదు. గుక్కెడు నీళ్ళయినా పోయకూడదు, మింగలేక పొలమారుతుంది. నర్సు స్పాంజి పుల్లతో పెదాలు తడుపుతుంది. తులసి తీర్థం కూడా పొయ్యనివ్వరా అని అత్తగారు నొచ్చుకున్నారు.

ఆవిడది తాడేపల్లిగూడెం వైపు. దగ్గర్లోనే మిలిటరీ మాధవరం, ఇంటికొక సైనికుడని పేరున్న ఊరు. ఈ ఆసుపత్రిలోవాళ్ళూ సైనికులేనని, వియత్నాం యుద్ధానికి కొందరిని మనవరాలి ఈడులోనే బలవంతాన పట్టుకెళ్ళారని తెలిశాక ఆవిడ గొంతు మారింది. “పెళ్ళాం పిల్లలు లేరా?” అన్నారు. కొందరికి లేరు, కొందరికి ఉన్నా మాటల్లేవు, కొందరి పిల్లలు ఇంకా విమానంలోనే ఉంటారు.

అమెరికావాళ్ళు తల్లిదండ్రుల్ని వదిలేస్తారని మన పార్టీల్లో ఎవరైనా అంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్న విజయవాడలో కేర్‌టేకర్ చేతుల్లో ఉన్నారు, నేను డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో “మందులు వేసుకున్నారా” అంటుంటాను.

షిఫ్టు ముగించుకుని వచ్చిన మనవరాలికి అత్తగారు పెరుగన్నం కలిపిచ్చి, “ఆయనది ఏ ఊరే?” అని ఆరా తీస్తారు. చెప్పకూడదు నాన్నమ్మా, ప్రైవసీ రూల్ అంటుంది ఇది. “ఊరు అడగడానికీ రూలేనా!” అని విసుక్కుని ఇంకో ముద్ద కలుపుతారు.