సలేశ్వరం దారిలో పాప తప్పిపోయినప్పుడు

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని లింగమయ్య క్షేత్రం సలేశ్వరం జాతరకి వెళ్ళాలని మా ఇంట్లో ఎప్పట్నుంచో అనుకుంటున్నాం, ఈసారి అన్నయ్య వాళ్ళు కూడా వస్తామంటే పిల్లలందర్నీ తీసుకుని బయల్దేరాం. శ్రీశైలం రోడ్డులో మన్ననూర్ దాటాక ఫరహాబాద్ గేటు దగ్గర అడవిలోకి తిరగాలి, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కదా, మామూలు రోజుల్లో అటు పోనివ్వరు, జాతర జరిగే ఆ కొద్ది రోజులే. బండ్లు ఆగిన చోటి నుంచి రాళ్ళలో, వెదురు పొదల మధ్య నడక, చివర్లో లోయలోకి నిటారుగా దిగుడు. సిగ్నల్ ఉండదు.

బండి దిగగానే వదిన పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీసింది, ఎవరు ఏ రంగు బట్టలేసుకున్నారో, కాళ్ళకి ఏమున్నాయో అన్నీ కనబడేలా. ఒక్కొక్కళ్ళకీ వాళ్ళ సొంత బాటిల్, మెడలో ఈల. మా అక్క శాన్ డియేగోలో ఉంటుంది, అక్కడ 1981లో పలోమార్ కొండ మీద ఒక తొమ్మిదేళ్ళ పిల్లాడు తప్పిపోయి చనిపోయాక, దారి తప్పితే ఒక చెట్టును పట్టుకుని అక్కడే ఉండమని పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారట. అదే మేమూ దారి పొడుగునా మా పిల్లలకి చెప్పుకుంటూ వచ్చాం.

సగం దారిలో జనం బాగా కిక్కిరిసిపోయారు, పక్కనుంచి ఇంకో కాలిబాట ఉంటే కొందరు అటు మళ్ళారు, అన్నయ్య చిన్న కూతురు వాళ్ళ వెంట వెళ్ళిపోయిందని మాకు కాసేపటికి గానీ తెలియలేదు. వదిన గుండె ఆగినంత పనైంది. పిలుద్దామంటే దిగేవాళ్ళు ‘వస్తున్నం వస్తున్నం లింగమయ్యా’ అని, ఎక్కేవాళ్ళు ‘పోతున్నం పోతున్నం లింగమయ్యా’ అని అరుస్తూనే ఉన్నారు, ఆ హోరులో పిల్ల గొంతు ఎక్కడ వినబడుతుంది? అందరం తలో దిక్కూ పరిగెత్తితే ఇంకో ఇద్దరు తప్పిపోతారని అన్నయ్య గట్టిగా చెప్పాడు, వదినా నేనూ పిల్లని చివరిసారి చూసిన బండ దగ్గరే ఉండిపోయాం, మగవాళ్ళిద్దరూ మాత్రం ఆ కాలిబాట పట్టుకుని వెళ్ళారు, అరగంటలో తిరిగి రావాలని మాట అనుకుని.

పాపని చూసింది మాత్రం ఒక చెంచు పెద్దాయన. ఈల మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదుతుంటే విని పొదల్లోకి వెళ్ళాడట. పాప ఒక మద్దిచెట్టు మొదట్లో నీడకి కూర్చుని ఉంది, నీళ్ళు కొంచెం కొంచెం తాగుతూ. ‘‘పిల్ల కదల్లే తల్లీ, అందుకే దొరికింది, నడుస్తా పోయుంటే లోయ దిక్కు పోయేది’’ అన్నాడు. వదిన ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

పిల్లలకి ఇంకో ముక్క కూడా చెప్పి తీరాలి, పేరు పెట్టి ఎవరైనా పిలుస్తుంటే దాక్కోవద్దు, తిడతారని భయపడొద్దు, పలకాలి అని. తప్పిపోయిన పిల్లలు వెతికేవాళ్ళకి భయపడి నక్కిపోవడం నిజంగా జరుగుతుంది. నల్లమలలో ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి రాతి గుహల్లో, బండల సందుల్లో దూరకూడదు, తెలియని కాయలు తినకూడదు. పెద్దవాళ్ళకైనా ఇదే, పైగా ఆ ఎండల్లో ఆకులన్నీ ఎండిపోయి ఉంటాయి, సిగ్నల్ ఇద్దామని మంట పెడితే అడవే అంటుకుంటుంది. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా అత్యవసర నంబరు 112 కొట్టి చూడండి, వేరే నెట్‌వర్క్ ఏదైనా అందితే కలిసే అవకాశం ఉంది. కలవకపోతే చార్జింగ్ మిగుల్చుకోండి, ఊరికే వీడియోలు తీయొద్దు.

ఆ తర్వాత లోయలోకి దిగి గుండం దగ్గర జలపాతం కింద తలలు తడుపుకున్నాం, దర్శనం అయింది. తిరుగు దారిలో అన్నయ్య ముందు, మా ఆయన వెనక, పిల్లలు మధ్యలో, మలుపు వచ్చిన ప్రతిసారీ ఆగి లెక్కపెట్టుకున్నాం. చీకటి పడకముందే బండి ఎక్కాం.