కన్నాంబ ఎవరి మనిషి?

మేముండేది చెన్నై సైదాపేటలో, కింద ఓనర్ పాటి (తమిళంలో పాటి అంటే ముసలావిడ, బామ్మ), పైన మేము. మొన్న ఆదివారం అద్దె ఇద్దామని దిగితే టీవీలో మనోహర వస్తోంది, 1954 ది, కరుణానిధి డైలాగులు, శివాజీ గణేశన్‌కి తల్లిగా మన పాతకాలం నటి కన్నాంబ. ఇక పాటి నన్ను కదలనిస్తేగా! కన్నాంబ నోరు తెరిచినప్పుడల్లా ఈవిడా డైలాగ్ అందుకుంటోంది, ఒక్క ముక్క తడబడకుండా. ఉండబట్టలేక "ఆవిడ మా తెలుగావిడే పాటీ, ఏలూరు" అన్నా. పాటి మొహం చూడాలి. 1942లో వచ్చిన కణ్ణగి సినిమాలో కణ్ణగి (తమిళ కావ్యం శిలప్పదికారంలో నాయిక) వేషం కూడా కన్నాంబదే, మెరీనాలో విగ్రహం పెట్టుకున్న తల్లి ఏలూరు నుంచి వచ్చిందంటే ఎలా మింగుడు పడుద్ది చెప్పండి.

నిజం చెప్పాలంటే నాకూ ఇదివరకు కన్నాంబ నచ్చేది కాదు, ఏంటీ అరుపులు అనుకునేదాన్ని. రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే నన్నే తిట్టింది. ఆవిడ సినిమాకి పుట్టిన మనిషి కాదే, నాటకాల్లో చంద్రమతి కట్టి వచ్చింది, అప్పుడు మైకులెక్కడివి, చిట్టచివర చాప మీద కూర్చున్నోడికి కూడా పద్యం స్పష్టంగా వినపడాలి, కాటిసీన్లో ఏడుస్తూనే రాగం తియ్యాలి, ఏడుపులో మాట మింగేస్తే జనం ఊరుకోరు, శ్రుతి పోతే అసలే ఊరుకోరు అని ఒకటే క్లాసు. అదీ ఎలాంటి రోజులు, ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్ళే కట్టేవాళ్ళు, స్థానం నరసింహారావుగారి సత్యభామని చూసిన జనం ముందు నిజంగా ఆడమనిషి వచ్చి నిలబడి మెప్పించడం అంటే తమాషానా.

1935లో హరిశ్చంద్ర సినిమా తీస్తే అందులోనూ చంద్రమతి ఈవిడే, పక్కన అద్దంకి శ్రీరామమూర్తి. మరుసటేడు ద్రౌపది. అంటే గొంతు స్టేజీదే, ఎదురుగా కెమెరా పెట్టారంతే. ఆ ముక్క అర్థమయ్యాక 1947 నాటి పల్నాటి యుద్ధం మళ్ళీ చూశా, నాయకురాలు నాగమ్మగా, అబ్బ, అందులో ఏడుపు ఊసే లేదు, చూపులతోనే ఊళ్ళు తగలబెట్టేలా ఉంది. చంద్రమతి కన్నా నాకు ఈ నాగమ్మే ఇష్టం, అమ్మమ్మ ఒప్పుకోదనుకోండి. అమ్మమ్మకి ఇంకోటి కూడా గుర్తుంది, "కన్నాంబ లోలాకులు, కాంచనమాల గాజులు" (కాంచనమాల అప్పటి ఇంకో హీరోయిన్) అని కొట్లలో అడిగి మరీ కొనుక్కునేవాళ్ళట, వాళ్ళమ్మ దగ్గర ఒక జత ఉండేదట, ఎవరికిచ్చిందో మాత్రం ఇప్పటికీ తేలలేదు, మా పిన్నిని అనుమానిస్తుంది.

కన్నాంబ పోయింది 1964లో, ఈ ఊళ్ళోనే. దాదాపు ముప్ఫై ఏళ్ళు సినిమాల్లోనే, రెండు భాషల్లో.

తర్వాత పాటికి నా ఫోన్లో నాగమ్మని చూపించా. తెలుగు ముక్క రాదు, అయినా కళ్ళార్పకుండా చూసి, "గొంతు మాత్రం మాదే" అంది. నేను వాదించలేదు. ఈ గొడవలో అద్దె ఇవ్వడం మర్చిపోయి పైకొచ్చేశా, మర్నాడు పొద్దున్నే మెట్ల కింద నుంచి పాటి పిలిచింది, ఆ పిలుపు మూడిళ్ళ అవతలికి వినపడుద్ది, ఆవిడకీ మైకు అక్కర్లేదు.