యూజీసీ నెట్ సైకాలజీ: సస్టెయిన్డ్ అటెన్షన్‌లో మార్కులు పోయేది ఇక్కడే

నెట్ పరీక్షకి చదివేటప్పుడు మెదడు భాగాలను బయోలాజికల్ యూనిట్‌లోనూ, అటెన్షన్‌ని కాగ్నిటివ్ యూనిట్‌లోనూ విడివిడిగా చదివేసి వదిలేస్తాం. జతపరచమనే ప్రశ్న వచ్చేది సరిగ్గా ఈ రెండింటి నడుమ. ఈ టాపిక్‌కి నోట్స్ అక్కర్లేదు, ఒక్క ఏ4 కాగితం చాలు. మెదడు కుడి పక్క బొమ్మ చేత్తో గీయండి. ఎడమది గీస్తే అసలు పాయింటే పోతుంది: ధ్యాసని చాలాసేపు నిలిపి ఉంచడంలో (సస్టెయిన్డ్ అటెన్షన్ అంటే ఇదే) కుడి ఫ్రంటల్ (ముందు), కుడి పెరైటల్ (పై వెనుక) భాగాలదే పైచేయి.

బొమ్మ మీద ఫ్రంటల్ ఐ ఫీల్డ్, ఇంట్రాపెరైటల్ సల్కస్ (పెరైటల్ భాగంలోని గాడి) ఒక రంగులో పెట్టండి. ఇది డార్సల్ నెట్‌వర్క్. మనం కావాలని చూసేటప్పుడు పనిచేస్తుంది, రెండు అర్ధగోళాల్లోనూ ఉంటుంది. టెంపొరోపెరైటల్ జంక్షన్, వెంట్రల్ ఫ్రంటల్ కార్టెక్స్ ఇంకో రంగు. ఇది వెంట్రల్, అనుకోనిది ఎదురైతే ధ్యాసను అటు లాగుతుంది, ప్రధానంగా కుడివైపే. ఈ విభజన పరిశోధకులు కార్బెట్టా, షుల్మన్‌లది, 2002. ధ్యాసకి సంబంధించిన ఇంకో భాగం యాంటీరియర్ సింగ్యులేట్‌ని ఈ బొమ్మలో వెతకొద్దు. అది రెండు అర్ధగోళాల మధ్య గోడ మీద ఉంటుంది, పక్కన చిన్న బొమ్మ వేసుకోండి. కింద మెదడు కాండంలోని పాన్స్‌లో లోకస్ సెరూలియస్, దాని పక్కనే నార్‌ఎపినెఫ్రిన్ అని రాయండి. సైకాలజిస్టు పోస్నర్ చెప్పిన అలర్టింగ్‌కి (అప్రమత్తంగా ఉండటం) జత ఈ రసాయనమే, ఓరియెంటింగ్‌కి (ధ్యాసను ఒక చోటికి మళ్లించడం) అసిటైల్‌కోలిన్. ఎక్కువమంది తారుమారు చేసేది ఈ జతనే.

టెస్టుల్లో మ్యాక్‌వర్త్ క్లాక్ (1948) తేలిక: ముల్లు 100 చిన్న గెంతుల్లో ఒక చుట్టు తిరుగుతుంది, ఎప్పుడో ఒకసారి రెండు గెంతుల దూరం ఒకేసారి దూకుతుంది, దాన్ని పట్టుకోవాలి. రెండు గంటల పనిలో మొదటి అరగంటలోనే పట్టు జారుతుంది. తికమక సీపీటీ (కంటిన్యువస్ పర్ఫార్మెన్స్ టెస్ట్), సార్ట్ (సస్టెయిన్డ్ అటెన్షన్ టు రెస్పాన్స్ టాస్క్)ల దగ్గర. సీపీటీలో అరుదైన టార్గెట్ వస్తేనే నొక్కాలి, కాబట్టి అజాగ్రత్త ఒమిషన్ ఎర్రర్‌గా (నొక్కాల్సినప్పుడు నొక్కకపోవడం) బయటపడుతుంది. సార్ట్‌లో 1 నుంచి 9 వరకు అన్నింటికీ నొక్కాలి, 3కి మాత్రం ఆగాలి. అక్కడ ధ్యాస జారితే వచ్చేది కమిషన్ ఎర్రర్ (నొక్కకూడనప్పుడు నొక్కడం). ఆప్షన్లు చూసేముందు టెస్టు పేరు ఇంకోసారి చదవండి.

ఇలాంటి టెస్టులో సమయం గడిచేకొద్దీ హిట్స్‌తో (సరిగ్గా పట్టుకున్నవి) పాటు ఫాల్స్ అలారమ్స్ (లేనిదాన్ని ఉందనుకున్నవి) కూడా తగ్గి, డీ-ప్రైమ్ (టార్గెట్‌ని వేరుగా గుర్తించే శక్తికి కొలత) మారకపోతే జారింది సున్నితత్వం కాదు, మారింది క్రైటీరియన్, అంటే 'ఉంది' అనడానికి మనం పెట్టుకున్న గీటు.

హెమీనెగ్లెక్ట్ (ఒక పక్కని పట్టించుకోకపోవడం) ప్రశ్నలో దెబ్బ కుడి పెరైటల్‌కి, పట్టించుకోనిది ఎడమ పక్కని. గీతను సగం చేయమంటే ఆ రోగి గుర్తు అసలు మధ్యకి కుడివైపు పడుతుంది. ఎడమ పక్క కనిపించక కాదు, ధ్యాస అటు పోక. దీన్ని హెమీఅనోప్సియా (సగం చూపు పోవడం) అని టిక్ పెట్టొద్దు.