499 రూపాయల సెంటు సీసాలో సెంటు ఖరీదెంత?

కాస్మెటిక్స్ చదువు అనగానే మన దగ్గర పిల్లలకు తోచేవి రెండే. ఒకటి బ్యూటీషియన్ కోర్సు, రెండోది బీఫార్మసీ. ఈ రెండిటికీ నడుమ పెద్ద రంగం ఉంది. సరుకుకు ధర కట్టడం, ఎవరితో తయారు చేయించాలో తేల్చుకోవడం, ఏ దుకాణానికి ఎంత వదలాలో లెక్కేయడం, ఎండాకాలంలో వాపస్ వచ్చే మాల్‌ను తట్టుకోవడం, ఇవన్నీ అందులోనివే. హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్‌లలో ఎంబీఏ, ఫార్మసీ చదివేవాళ్లు ఉద్యోగాలు వెతుక్కోదగ్గ చోటు కూడా ఇది. దీన్ని చదవడానికి నాకు తెలిసిన సరైన దారి ఒకటే: ఎంఆర్‌పీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవడం.

ఓ ద పర్‌ఫ్యూమ్ అనే రకం సెంటు, 50 మిల్లీలీటర్లు, ఎంఆర్‌పీ 499 అనుకుందాం. సెంటు మీద జీఎస్టీ 18 శాతం. 499ని 1.18తో భాగిస్తే 422.88 వస్తుంది. అంటే 76 రూపాయలు ముందే సర్కారువి. కంగన్ హాల్ ఓనర్‌కు కొన్న ధర మీద 20 శాతం వదిలితే అతనికి పడే ధర 352.40. అదే లెక్కన వరంగల్ డిస్ట్రిబ్యూటర్‌కు 8 శాతం తీస్తే 326.30, అతనికి సరుకిచ్చే హైదరాబాద్ సూపర్ స్టాకిస్ట్‌కు 4 శాతం తీస్తే 313.75. దీని మీద పదికి ఒకటి ఫ్రీ స్కీం పెడితే, పదకొండు సీసాలకు పది సీసాల డబ్బే వస్తుంది కాబట్టి చివరికి కంపెనీ చేతికి అందేది సీసాకు సుమారు 285. ఇక్కడ చాలామంది తప్పే చోటు ఒకటుంది. మార్జిన్ కొన్న ధర మీదా, అమ్మిన ధర మీదా? కొన్న ధర మీద 20 శాతం అంటే అమ్మిన ధర మీద 16.67 శాతమే. మార్కెట్లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క మాట్లాడతారు. బేరం మొదలుకాకముందే ఇది తేల్చుకోకపోతే మొత్తం షీట్ తప్పుతుంది.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. ఓ ద పర్‌ఫ్యూమ్‌లో సుగంధ తైలం మామూలుగా 15 నుంచి 20 శాతం ఉంటుంది. ఓ ద టాయ్‌లెట్‌లో 5 నుంచి 15, కొలోన్‌లో 2 నుంచి 4. 15 శాతం లెక్కన 50 మిల్లీలీటర్లకు ఏడున్నర గ్రాములు. కిలో 4,000 పెట్టి కొన్న తైలమైతే 30 రూపాయలు. ఆల్కహాల్ 6, గాజు సీసా, పంపు, మూత కలిపి 55, అట్టపెట్టె, లేబుల్, పైన ప్లాస్టిక్ చుట్టు 18, నింపినందుకు కూలి 12 అనుకుందాం. నింపేటప్పుడు పోయేది, పగిలేది 3 శాతం వేసుకుంటే మొత్తం 125 దాకా వస్తుంది. ఈ అంకెలు ఆర్డర్ సైజును బట్టి మారతాయి గానీ వాటి మధ్య నిష్పత్తి పెద్దగా మారదు. 499లో సెంటు వాటా 30. సీసాకు, పంపుకు పెట్టింది అంతకు దాదాపు రెట్టింపు.

285లో 125 పోతే 160 మిగిలింది. రవాణాకు 8, వాపస్ మాల్, టెస్టర్ల కింద 5 శాతం అంటే 14, ప్రకటనలకు 30 శాతం అంటే 85 తీసేయండి. ఇక మిగిలింది 53. సేల్స్‌మన్ జీతం, గోదాం కిరాయి, వడ్డీ, ఆఫీసు అన్నీ అందులోంచే రావాలి. ప్రకటనలకు 30 శాతం ఎక్కువ అనిపించొచ్చు. మామాఎర్త్ మాతృసంస్థ హొనాసా కన్స్యూమర్ 2023లో పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు సెబీకి ఇచ్చిన పత్రాలు ఇప్పటికీ ఉచితంగా దొరుకుతాయి. 2022-23లో ఆ కంపెనీ ఆదాయంలో మూడో వంతుకు పైగా ప్రకటనలకే వెళ్లింది. నైకా, 2021లో లిస్టయిన కంపెనీ, దాని పత్రాలూ అలాగే చదవొచ్చు. ఏ మార్కెటింగ్ పాఠ్యపుస్తకం కన్నా ఈ పత్రాల్లో ఖర్చుల పట్టికే నేను ముందు చదవమంటాను.

తైలం ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలియాలి. ప్రపంచంలో పెద్ద సెంటు బ్రాండ్లలో చాలావాటికి సొంత పర్‌ఫ్యూమర్లు లేరు. జివోడాన్, డీఎస్ఎం-ఫర్మెనిక్, ఐఎఫ్ఎఫ్, సిమ్‌రైజ్ లాంటి సుగంధ సంస్థలకు బ్రాండ్ ఒక బ్రీఫ్ పంపుతుంది. ఎవరి కోసం, ఏ వాసన కుటుంబం, ఏ సరుకులో ఎంత శాతం వేస్తారు, కిలోకు ఎంత మించకూడదు అని అందులో రాస్తారు. మూడు నాలుగు సంస్థలు శాంపిళ్లు చేసి పంపుతాయి. నచ్చినదానికే ఆర్డర్. శాంపిల్ చేసినందుకు మామూలుగా ఫీజు ఉండదు, తైలం అమ్మకంలోనే రాబట్టుకుంటాయి. ఫార్ములా మాత్రం ఆ సంస్థ దగ్గరే ఉండిపోతుంది. అందుకే చిన్న బ్రాండు ఒక సప్లయర్ దగ్గర వాసన ఖాయం చేసుకున్నాక ఆ సప్లయర్ ధర పెంచితే వేరే దారి ఉండదు. మొదటి ఆర్డర్‌కు ముందే ఏడాది ధర రాయించుకోవాలి. ఇఫ్రా (అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంఘం) ప్రమాణాల ధ్రువపత్రం కూడా అడిగి తీసుకోవాలి. తైలం ఏ రకం సరుకులో ఎంత శాతం దాకా వాడొచ్చో అందులో ఉంటుంది. ఒంటికి పూసే క్రీంకు ఒక హద్దు, కడిగేసే షాంపూకు ఇంకో హద్దు. అగరుబత్తీకి కొన్న తైలాన్ని క్రీంలో వేస్తే ఇబ్బంది వచ్చేది ఇక్కడే.

తరగతి గదిలో దొరకని చదువు ఒకటి ఉంది, డబ్బా వెనక చదవడం. హనుమకొండ చౌరస్తాలోనో, కరీంనగర్ టవర్ సర్కిల్‌లోనో ఏ ఫ్యాన్సీ స్టోర్‌కైనా వెళ్లి ముప్పై ఫేస్ క్రీంలు తిప్పి చూడండి. తయారీదారు చిరునామా, తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్, తయారైన నెల, నికర బరువు, ఎంఆర్‌పీ రాసుకోండి. వేర్వేరు పేర్ల క్రీంలు ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయని ఇట్టే తెలుస్తుంది. గ్రాముకు ఎంత పడుతుందో లెక్కేయండి. తయారైన నెలను బట్టి ఆ షెల్ఫ్ మీద ఏది కదులుతోందో, ఏది దుమ్ము పట్టిందో కూడా అర్థమవుతుంది.

పదార్థాల పట్టికలో ఇంకో కిటుకు ఉంది. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలన్నది నియమం. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను 1 శాతానికి మించి వాడరు. కాబట్టి దాని తర్వాత పేరున్న ప్రతిదీ 1 శాతం లోపే. పసుపు క్రీం డబ్బా మీద పసుపు కొమ్ము బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, పట్టికలో దాని పేరు ఫినాక్సీఇథనాల్ తర్వాతే కనిపించడం మామూలే.

ఇది నిజామాబాద్ రైతుకు సంబంధించిన లెక్క కూడా. 50 గ్రాముల క్రీంలో పసుపు సారం 0.1 శాతం వేస్తే డబ్బాకు 50 మిల్లీగ్రాములు. పది వేల డబ్బాలకు అర కిలో. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది, ఇక కాస్మెటిక్స్ ఫ్యాక్టరీ పెడితే పసుపంతా అమ్ముడవుతుందని ప్రాజెక్ట్ రిపోర్టుల్లో రాసేవాళ్లు ఈ గుణింతం ఒకసారి చేయాలి. పసుపుకు గిరాకీ పెరిగేది సారం తీసే యూనిట్ వల్ల, అది దేశమంతా అమ్మగలిగితే. సబ్బులో అయితే మరో చిక్కు. సబ్బు క్షారం. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడినట్టే, పసుపుకు రంగిచ్చే కర్‌క్యుమిన్ సబ్బులో గోధుమ రంగుకు తిరుగుతుంది, వెలుతురులో వెలిసిపోతుంది. నెల తర్వాత దుకాణంలో మచ్చల సబ్బు చూసి ఎవరూ కొనరు.

సొంత బ్రాండు పెట్టాలనుకునేవాళ్లకు కాగితాల సంగతి. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీకి సీఓఎస్-5 ఫారంలో దరఖాస్తు చేస్తే సీఓఎస్-8లో లైసెన్స్ వస్తుంది. వేరేవాళ్ల ఫ్యాక్టరీలో సొంతంగా తయారు చేసుకునే లోన్ లైసెన్స్‌కు సీఓఎస్-6, సీఓఎస్-9. మన దగ్గర ఇచ్చేది తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. లైసెన్స్ ఉన్న ఫ్యాక్టరీతో థర్డ్ పార్టీగా చేయించుకుని మార్కెట్ చేసేవాళ్లకు తయారీ లైసెన్స్ అక్కర్లేదు, లేబుల్ మీద తయారీదారు పేరు, లైసెన్స్ నంబర్ తప్పనిసరి. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఈ దారే. పేరు మాత్రం ముందే ట్రేడ్‌మార్క్‌లలో కాస్మెటిక్స్ వచ్చే క్లాస్ 3లో వెతికి దరఖాస్తు వేయాలి. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ ఫీజు 4,500. డబ్బాలు అచ్చయ్యాక ఆ పేరు ఇంకొకరిదని తేలితే పోయేది ఫీజు కాదు, డబ్బాలు.

థర్డ్ పార్టీలో డబ్బు ఇరుక్కునేది క్రీంలో కాదు, ప్యాకింగ్‌లో. ఫ్యాక్టరీ వెయ్యి పీసులకు ఒప్పుకున్నా అచ్చు వేసిన ట్యూబుల వాళ్లు పది వేలకు తక్కువ ముట్టుకోకపోవచ్చు. మొదటి బ్యాచ్‌కు సాదా ట్యూబు మీద స్టిక్కర్ అంటించడమే మేలు. చూడ్డానికి కాస్త తక్కువగా ఉన్నా, ఫార్ములా మారినా, చిరునామా మారినా తొమ్మిది వేల ట్యూబులు చెత్తలోకి పోవు.

ఇక ఎండ. సరుకు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో తొందరగా తేల్చే అక్సిలరేటెడ్ స్టెబిలిటీ పరీక్ష మామూలుగా 40 డిగ్రీలు, 75 శాతం తేమలో మూడు నెలలు చేస్తారు. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు బయటే 45 తాకుతుంది, రేకుల గోదాంలో ఇంకా ఎక్కువ. 40 డిగ్రీలకు పాసైన క్రీం అక్కడ నూనె, నీళ్లుగా విడిపోవచ్చు. లిప్‌స్టిక్ మీద నూనె చెమటలా పడుతుంది. వెనిలా వాసనిచ్చే వెనిలిన్ ఉన్న సెంటు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఫ్యాక్టరీని 45 డిగ్రీల పరీక్ష కూడా చేయించి రిపోర్ట్ ఇమ్మని అడగండి, చిన్న ఆర్డరైనా సరే. స్వచ్ఛమైన ఇథనాల్ ఆవిరి 13 డిగ్రీల దగ్గరే నిప్పు అంటుకోగలదు. అందుకే సెంటు నిల్వకు ఫైర్ నిబంధనలు, స్పిరిట్ నిల్వకు ఎక్సైజ్ అనుమతి చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో అమ్మితే సెంటు ప్రమాదకర సరుకుల రవాణా నంబర్ యూఎన్ 1266 కింద మండే ద్రవం, విమానంలో మామూలు పార్శిల్‌గా పోదు. భూమార్గం కొరియర్‌కే ఒప్పుకుని, చేరే రోజులు ముందే కొనేవాళ్లకు చెప్పాలి.

మాల్ ఎప్పుడు నింపాలన్నది కూడా ఇక్కడి క్యాలెండరే చెబుతుంది. బతుకమ్మకు, దసరాకు ముందు నెల, పెళ్లి ముహూర్తాల ముందు, రెండేళ్లకోసారి మేడారం జాతర ముందు. జాతర దారి దుకాణాల్లో పెద్ద సీసాలకు పని లేదు, ఒకటి రెండు రూపాయల సాచెట్లే పోతాయి. ఎండాకాలం పెళ్లిళ్లకు క్రీం ఎక్కువ నింపి మిగిల్చుకుంటే జూన్‌లో అదే వాపస్.

పన్ను దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే ఇప్పుడు లెక్కలు తప్పుతున్నది ఇక్కడే. 2025 సెప్టెంబర్ 22 నుంచి తలనూనె, షాంపూ, టాయిలెట్ సబ్బు, టాల్కం పౌడర్ మీద జీఎస్టీ 18 నుంచి 5కు తగ్గింది. సెంటుకు, ఫేస్ క్రీంకు 18 అలాగే ఉంది. తలనూనె చేసేవాళ్లకు ఇది లాభమే అనిపిస్తుంది, కానీ లెక్క చూడండి. కంపెనీ 60 రూపాయలకు అమ్మే సీసా మీద వసూలయ్యే పన్ను 3 రూపాయలు. అందులో వాడిన మినరల్ ఆయిల్, సీసా, మూత, తైలం 24 రూపాయలైతే వాటి మీద 18 శాతం లెక్కన కట్టింది 4.32. సీసాకు 1.32 ఇరుక్కుంటుంది, లక్ష సీసాలకు లక్షా ముప్పై రెండు వేలు. జీఎస్టీ చట్టం సెక్షన్ 54(3) కింద రీఫండ్ అడగొచ్చు, కానీ అది వచ్చేదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. ప్రకటనల లాంటి సేవల మీద కట్టిన పన్ను ఆ రీఫండ్‌లోకి రాదు, 2021లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను నిలబెట్టింది. ప్రకటనల మీదే నడిచే బ్రాండ్‌కు ఇది చిన్న దెబ్బ కాదు.

డబ్బా మీద రాత ఎంత పని చేస్తుందో కొబ్బరినూనె కేసు చెబుతుంది. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరినూనె వంటనూనెనా, తలనూనెనా అన్న ఎక్సైజ్ కాలం నాటి వివాదాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో తేల్చింది. సీసా చిన్నదైనంత మాత్రాన తలనూనె అయిపోదు, లేబుల్ మీద తలనూనె అని అమ్మితే తప్ప. ఇప్పుడు రెండిటికీ పన్ను ఒకటే అయినా, వంటనూనె అంటే ఆహార లైసెన్స్, తలనూనె అంటే కాస్మెటిక్స్ లైసెన్స్. అందుకే లేబుల్ రాతను డిజైనర్‌కు వదిలేయకూడదు.

చదువు సంగతికి వస్తే, ముందు చేతిలో ఉన్నది వాడుకోవాలి. బీఫార్మసీ ఎనిమిదో సెమిస్టర్‌లో కాస్మెటిక్ సైన్స్ ఎలక్టివ్ ఉంది, కాలేజీ ఆఫర్ చేస్తే వదలొద్దు. వాసనల పని చేత్తో నేర్చుకోవాలంటే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో 1991 నుంచి ఉన్న ఎఫ్ఎఫ్‌డీసీ (ఫ్రాగ్రెన్స్ అండ్ ఫ్లేవర్ డెవలప్‌మెంట్ సెంటర్), కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ కింది సంస్థ, తక్కువ కాలం కోర్సులు నడుపుతుంది. సుగంధ మొక్కల గురించి హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రం ఉంది. టెక్నాలజీలో లోతుకు వెళ్లాలంటే ముంబై ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ). ఫ్రాన్స్‌లోని వర్సాయిలో ఇసిప్కా, న్యూయార్క్‌లో ఎఫ్ఐటీ అనే సంస్థలు ఇచ్చే కాస్మెటిక్స్, ఫ్రాగ్రెన్స్ డిగ్రీలు మంచివే, కానీ అప్పు చేసి అక్కడికి వెళ్లే ముందు రెండేళ్లు ఏరియా సేల్స్‌లోనో, సోర్సింగ్‌లోనో పని చేస్తే ఆ క్లాసులు పది రెట్లు పనికొస్తాయి. ఎంబీఏ ప్రాజెక్ట్‌కు 'వినియోగదారుల సంతృప్తి' సర్వేలు మానేయండి. ఒక షాంపూ సాచెట్, ఒక తలనూనె, ఒక సెంటు తీసుకుని ఎంఆర్‌పీ నుంచి ఫ్యాక్టరీ దాకా మూడు షీట్లు వేయండి. ప్రతి గడి పక్కన ఆ అంకె ఎవరు చెప్పారో రాయండి: డిస్ట్రిబ్యూటరా, ప్యాకింగ్ కొటేషనా, కంపెనీ వార్షిక నివేదికా. ఇంటర్వ్యూకు ఆ షీట్లే పట్టుకుపోండి.